బిషప్పు చేతిలో ఖజానా తాళాలు: సాలిస్‌బరీ రోజర్ ఎలా ఎదిగాడు, ఎలా పడ్డాడు

బ్రిటన్‌లో ప్రభువుల సభను సంస్కరించాలన్న మాట వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న పైకి తేలుతుంది. ఎవరూ ఓటేసి ఎన్నుకోని 26 మంది బిషప్పులకు చట్టసభలో కుర్చీలేమిటి? ఒక మాటలో జవాబు చెప్పాలంటే, ఆ దేశంలో ఒకప్పుడు ప్రభుత్వాన్ని నడిపిందే బిషప్పులు. కానీ ఎలా నడిపారు, దేవుడి కొలువూ రాజు కొలువూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయి, ఆ రెండూ ఢీకొంటే ఏమయ్యేది అన్నవి అంత తేలిగ్గా తెగే విషయాలు కావు. అందుకే అందరి గురించీ కాకుండా ఒక్క మనిషి గురించి చూద్దాం. 12వ శతాబ్దంలో సాలిస్‌బరీ బిషప్పుగా ఉన్న రోజర్. ఎక్కడో ఊరి చివర చిన్న చర్చిలో పూజలు చేసుకునే గురువు, రాజు లేనప్పుడు దేశాన్నే ఏలే స్థాయికి వెళ్ళాడు. చివరికి పశువుల కొట్టంలో ఖైదీ అయ్యాడు.

ముందు ఎవరెవరో తెలియాలి

బిషప్ అంటే ఒక మేత్రాసనానికి అధిపతి. ఆ పరిధిలోని చర్చిలన్నీ, గురువులందరూ ఆయన కిందే. అంతవరకూ ఇప్పటికీ అంతే. మధ్యయుగపు ఇంగ్లండ్‌లో మాత్రం బిషప్ పెద్ద భూస్వామి కూడా. ఆ భూములు రాజు నుంచి సంక్రమించినవి కాబట్టి, వాటికి బదులుగా రాజు యుద్ధానికి సైనికులను పంపాల్సిన బాధ్యత ఉండేది.

చాన్సలర్ అంటే రాజుగారి రాతకోతల పెద్ద. రాజముద్ర ఆయన దగ్గరే ఉంటుంది. ఆ కాలపు రాజగృహ జీతాల పట్టీ ఒకటి మిగిలింది. చాన్సలర్‌కి రోజుకు 5 షిల్లింగులు, మంచి రొట్టెలు, రెండు రకాల వైన్, ఒక పెద్ద మైనపు కొవ్వొత్తి, 40 కొవ్వొత్తి ముక్కలు ఇవ్వాలని అందులో ఉంది. కొవ్వొత్తి ముక్కలు కూడా లెక్కపెట్టి ఇచ్చేవారంటే, చీకటి పడ్డాక రాసుకోవడం ఎంత ఖరీదైన వ్యవహారమో ఊహించుకోవచ్చు.

షెరిఫ్ అంటే జిల్లాలో రాజు మనిషి. అక్కడి రాజు భూముల ఆదాయం, జరిమానాలు, పన్నులు వసూలు చేసి ఖజానాకు కట్టాలి. చాలా చోట్ల పద్ధతి గుత్తకు ఇచ్చినట్టే ఉండేది. ఏడాదికి ఇంత అని ముందే ఖాయం చేస్తారు. పైన ఎంత రాబట్టుకున్నా షెరిఫ్‌దే.

మరి ఈ పనులన్నీ చూడటానికి బిషప్పే ఎందుకు? ఒకటి, చదువు. లాటిన్ రాయగలవాళ్ళు దాదాపు అందరూ చర్చి మనుషులే. రెండోది డబ్బు. పెద్ద అధికారికి ఖజానా నుంచి భారీ జీతం ఇవ్వడం కన్నా బిషప్ పదవి ఇప్పిస్తే, ఆ మాన్యాల ఆదాయంతో అతనే బతుకుతాడు. మూడోది రాజుకి ఇంకా నచ్చేది. ఒక ప్రభువుకి భూమి ఇస్తే అది కొడుక్కి, మనవడికి పోతుంది. బిషప్పుకి చట్టప్రకారం వారసులుండరు. అతను పోతే, కొత్త బిషప్ వచ్చేదాకా ఆ ఆదాయం రాజుకే వస్తుంది. ఒక్క పదవితో రాజు ఇటు జీతం మిగుల్చుకుంటాడు, అటు భూమి చేజారకుండా చూసుకుంటాడు.

పూజ త్వరగా ముగించిన గురువు

రోజర్ ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని నార్మండీవాడు. రాజుగారి కంట్లో ఎలా పడ్డాడనే దానికి ఒక కథ ఉంది. ఇంకా రాజు కాని హెన్రీ సైనికులతో వెళ్తూ కాన్ పట్టణం దగ్గర ఒక చిన్న చర్చిలో ఆగాడట. అక్కడి గురువు వాళ్ళ తొందర గమనించి పూజని ఎంత వేగంగా ముగించాడంటే, సైనికులకు ఇంతకన్నా తగిన గురువు దొరకడని అందరూ అన్నారట. హెన్రీ వెంటనే అతన్ని తనతో రమ్మన్నాడు. ఈ కథ రాసిన న్యూబర్గ్ విలియం రోజర్ పోయిన చాలా ఏళ్ళకు కలం పట్టినవాడు. పైగా రోజర్‌కి చదువే సరిగా రాదని కూడా అంటాడు. దేశపు ఖాతాలు నడిపినవాడికి చదువు రాదంటే నమ్మడం కష్టం. కథని కథగానే తీసుకుందాం. ఒక్క విషయం మాత్రం నిజం. హెన్రీకి పనులు చకచకా తెమిల్చే మనిషి కావాలి, రోజర్ అలాంటివాడే.

హెన్రీ 1100లో ఇంగ్లండ్ రాజయ్యాడు. మరుసటి ఏడాదికల్లా రోజర్ చాన్సలర్. 1102లో రాజు అతన్ని సాలిస్‌బరీ బిషప్పుగా ఎంపిక చేశాడు. అక్కడే పేచీ వచ్చింది.

ఉంగరం ఎవరు తొడగాలి?

బిషప్ పదవికి గుర్తులు రెండు: వేలికి ఉంగరం, చేతికి దండం. అప్పటిదాకా రాజే వాటిని ఇచ్చేవాడు. దేవుడి పదవికి గుర్తులు రాజు ఇవ్వడమేమిటని పోప్‌లు అభ్యంతరం చెప్పారు. కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ ఆన్సెల్మ్ పోప్ మాటకే కట్టుబడ్డాడు. రాజు చేతి నుంచి పదవి తీసుకున్నవాళ్ళకి తాను అభిషేకం చెయ్యనన్నాడు.

దాంతో రోజర్ ఐదేళ్ళు నియమితుడైనా అభిషేకం లేని బిషప్‌గానే ఉండిపోయాడు. 1107లో రాజీ కుదిరింది. ఉంగరం, దండం ఇచ్చే హక్కు రాజు వదులుకున్నాడు. భూముల కోసం బిషప్ రాజు ముందు మోకరిల్లి విధేయత ప్రకటించాలన్నదానికి చర్చి ఒప్పుకుంది. ఆ ఏడాది ఆగస్టు 11న కాంటర్‌బరీలో మరికొందరితో పాటు రోజర్‌కి ఆన్సెల్మ్ చేతుల మీదుగానే అభిషేకం జరిగింది.

ఈ రాజీలో ఒక సూక్ష్మం దాగుంది. బిషప్‌లో ఇద్దరు మనుషులున్నారని రెండు పక్షాలూ ఒప్పుకున్నట్టే అయింది. ఆత్మకు సంబంధించినవాడు చర్చివాడు, భూమికి సంబంధించినవాడు రాజువాడు. 32 ఏళ్ళ తర్వాత రోజర్ మెడకు చుట్టుకున్నది ఇదే.

గళ్ళ గుడ్డ మీద దేశపు జమాఖర్చు

రోజర్ పేరు చరిత్రలో నిలిచింది రాజు ఖజానా లెక్కలు తేల్చే ఎక్స్‌చెకర్ వల్ల. ఇది మొదట్లో ఆఫీసు కాదు, ఒక బల్ల. సుమారు 10 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. లెక్కకు వాడే బిళ్ళలు కింద పడకుండా చుట్టూ నాలుగు వేళ్ళ ఎత్తున అంచు. దాని మీద గీతలు గీసిన నల్ల గుడ్డ. చదరంగం బల్లలా కనిపించేది కాబట్టి ఆ పేరు వచ్చింది. అక్కడ ఆడేది షెరిఫ్ ఒకవైపు, రాజు అధికారులు ఒకవైపు. ఏడాదికి రెండుసార్లు షెరిఫ్‌లు హాజరు కావాలి. ఈస్టర్‌కి కొంత కట్టాలి. సెప్టెంబర్ 29న వచ్చే మైకేల్‌మస్ పండుగకు పూర్తి లెక్క అప్పజెప్పాలి.

గుడ్డ ఎందుకు? రోమన్ అంకెలతో కూడికలు, తీసివేతలు చెయ్యడం నరకం. సున్నా వాళ్ళ ఆఫీసుల్లోకి ఇంకా రాలేదు. గుడ్డ మీద నిలువు గళ్ళుంటే ఆ తలనొప్పి లేదు. కుడి నుంచి ఎడమకి పెన్నీలు, షిల్లింగులు, పౌండ్లు, ఇరవైలు, వందలు, వేలు. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండ్. ఏమీ లేని గడి ఖాళీగా ఉంటుంది, అంతే.

ఒక ఊహాత్మక షెరిఫ్‌తో లెక్క వేసి చూద్దాం. అతను ఏడాదికి 100 పౌండ్లు కట్టాలనుకోండి. వందల గడిలో ఒక బిళ్ళ పెడతారు. ఈస్టర్‌కి అతను 48 పౌండ్లు కట్టాడు. రాజు ఆజ్ఞ మీద కోట మరమ్మతుకు 7 పౌండ్ల 10 షిల్లింగులు, ఒక మఠానికి దానంగా 2 పౌండ్లు ఖర్చు పెట్టాడు. ఆజ్ఞాపత్రం చూపిస్తే ఆ రెండూ అతని ఖాతాలో జమ. ఇప్పుడు సంచిలో 40 పౌండ్లు తెచ్చాడు. మొత్తం 97 పౌండ్ల 10 షిల్లింగులు. కింది వరుసలో ఇరవైల గడిలో 4, పౌండ్ల గడిలో 17, షిల్లింగుల గడిలో 10 బిళ్ళలు పేరుస్తారు. పై వరుసలోంచి కింది వరుస తీసేస్తే బకాయి 2 పౌండ్ల 10 షిల్లింగులు. చదువు రాని షెరిఫ్ కూడా కళ్ళారా చూడగలడు. అతని ముందే జరుగుతున్న పని కాబట్టి రాతలో మోసం చేశారనడానికి వీల్లేదు.

లెక్క ఇక్కడితో అయిపోలేదు. వెండి నాణేలు అరిగిపోతాయి. కల్తీవీ వస్తాయి. అందుకని తెచ్చిన సొమ్ములోంచి 240 పెన్నీలు, అంటే లెక్కకి ఒక పౌండ్, తీసి కొలిమిలో కరిగిస్తారు. మలినం పోయాక మిగిలిన వెండిని ఒక పౌండ్ తూకంతో పోలుస్తారు. తక్కువైతే సరిపోయేదాకా పెన్నీలు వేస్తూ పోతారు. మన షెరిఫ్ విషయంలో 6 పెన్నీలు వెయ్యాల్సి వచ్చిందనుకుందాం. అప్పుడు అతను తెచ్చిన ప్రతి పౌండ్‌లోనూ 6 పెన్నీల కోత. 40 పౌండ్లకి 240 పెన్నీలు, అంటే సరిగ్గా ఒక పౌండ్. అతను 40 తెచ్చినా జమయ్యేది 39. బకాయి 3 పౌండ్ల 10 షిల్లింగులకు పెరిగింది. ఆ కొలిమి దగ్గర నిలబడ్డ షెరిఫ్ టెన్షన్ ఎలా ఉండేదో వేరే చెప్పాలా!

కట్టిన డబ్బుకి రశీదు ఒక కర్రముక్క. వెయ్యి పౌండ్లకి అరచేతి మందాన గాటు, వందకి బొటనవేలంత, ఇరవైకి చిటికెనవేలంత, ఒక పౌండ్‌కి బార్లీ గింజంత. తర్వాత కర్రని నిలువునా చీల్చి సగం షెరిఫ్‌కి ఇస్తారు, సగం ఖజానాలో ఉంచుతారు. లెక్క రోజున రెండూ అతికితేనే చెల్లు. ఈ కర్రల పద్ధతి 19వ శతాబ్దం దాకా బతికింది. 1834లో పోగుపడ్డ పాత కర్రలను వెస్ట్‌మిన్‌స్టర్ పొయ్యిల్లో తగలబెట్టబోయి పార్లమెంటు భవనాన్నే కాల్చుకున్నారు.

లెక్కంతా తోలు చుట్టల మీద రాసేవారు. వాటిలో మిగిలిన అతి పాతది 1130 నాటిది. అది రోజర్ ఏలుబడిలోనిదే.

ఇదంతా నిజంగా అతని సృష్టేనా?

ఇక్కడ కాస్త జాగ్రత్తగా ఉండాలి. ఎక్స్‌చెకర్ ఎలా పనిచేసేదో వివరంగా చెప్పేది 1170లలో రాసిన ‘డైలాగ్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్’. వెండి కరిగించి చూసే పద్ధతి రోజర్ తెచ్చిందేనని అందులో ఉంది. రాసినవాడు రిచర్డ్ ఫిట్జ్‌నీల్. అతను రోజర్ అన్నదమ్ముల మనవడు. ఇంటి పెద్దాయన ఘనత కొంచెం ఎక్కువ చేసి చెప్పే అవకాశం లేకపోలేదు.

దేశంలోని భూములను లెక్కగట్టిన 1086 నాటి డూమ్స్‌డే సర్వేలోనే కొన్ని ఊళ్ళు కరిగించి పరీక్షించిన వెండి లెక్కన కట్టేవని కనిపిస్తుంది. చీల్చిన కర్రలు, షెరిఫ్‌ల గుత్త కూడా పాతవే. మరోపక్క ఎక్స్‌చెకర్ అనే పేరు దస్తావేజుల్లో మొదట వినిపించేది 1110 ప్రాంతంలో, రోజర్ కాలంలోనే. పాత పనిముట్లన్నిటినీ ఒక బల్ల చుట్టూ చేర్చి, ఒక తేదీ పెట్టి, ఎంతటివాడైనా వచ్చి లెక్క చెప్పక తప్పదన్న భయం పుట్టించింది మాత్రం రోజరే అనిపిస్తుంది. కొత్త వస్తువు కనిపెట్టడం కన్నా ఇది చిన్న పనేమీ కాదు.

ఆ భయానికి క్రూరమైన ముఖం కూడా ఉంది. 1124లో నాణేలు మరీ కల్తీ అయ్యాయి. నార్మండీలో ఉన్న హెన్రీ నుంచి హుకుం వచ్చింది. దేశంలోని నాణేలు ముద్రించేవాళ్ళందరినీ క్రిస్మస్‌కి వించెస్టర్ రమ్మని రోజర్ కబురు పెట్టాడు. వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే తీసుకెళ్ళి కుడిచెయ్యి నరికి, వృషణాలు కోసేశారు. పీటర్‌బరో మఠంలో ఆ ఏటి వృత్తాంతం రాసిన సన్యాసి దీన్ని ఖండించలేదు. దేశాన్ని ముంచినవాళ్ళకి న్యాయమే జరిగిందన్నాడు.

బంధువులు, కోటలు

హెన్రీ తన ఏలుబడిలో సగానికి పైగా నార్మండీలోనే గడిపాడు. 1120ల్లో అతను అక్కడున్నప్పుడు ఇక్కడ రాజు పేరుతో ఆజ్ఞలు జారీ చేసింది రోజరే. అధికారంతో పాటు బంధువులూ ఎదిగారు. అన్నదమ్ముల కొడుకు అలెగ్జాండర్ 1123లో లింకన్ బిషప్. మరో కొడుకు వరసవాడు నీల్ ఖజానాదారు, 1133 నుంచి ఈలీ బిషప్. రామ్స్‌బరీ మటిల్డా అనే ఆమెతో రోజర్ సంసారం బహిరంగ రహస్యం. రోజర్ లె పోర్ అనే కొడుకు తర్వాత చాన్సలర్ అయ్యాడు. వారసులుండరని బిషప్పుని పెట్టుకున్న రాజుగారి లెక్క ఇక్కడ కొంచెం తప్పింది!

షెర్బోర్న్, డివైజెస్, మామ్స్‌బరీలలో కోటలు కట్టాడు. సాలిస్‌బరీలో రాజుగారి కోట కూడా అతని అధీనంలోనే ఉండేది. అతను కట్టించిన రాతి గోడల్లో అతుకులు కనబడవని, గోడంతా ఒకే రాయి అనిపిస్తుందని చరిత్రకారుడు మామ్స్‌బరీ విలియం రాశాడు. ఈ విలియం ఉన్న మఠాన్నే రోజర్ తన గుప్పిట్లోకి తీసుకుని, శ్మశానంలోకి చొచ్చుకొచ్చేలా కోట లేపాడు. కాబట్టి విలియం మెచ్చుకున్న చోట నమ్మొచ్చు. పక్కవాడి ఆస్తి మీద కన్నుపడితే రోజర్ ముందు అడిగేవాడని, తర్వాత డబ్బిచ్చేవాడని, కుదరకపోతే లాక్కునేవాడని రాసిన చోట మాత్రం కొంచెం తగ్గించి తీసుకోవాలి.

స్టోన్‌హెంజ్ చూడటానికి సాలిస్‌బరీ మీదుగా వెళ్ళే మనవాళ్ళు దారిలో ఓల్డ్ సారమ్ గుట్ట మీద ఆగితే, పాత కెథడ్రల్ పునాదుల గీతలు గడ్డిలో కనిపిస్తాయి. రోజర్ పెంచి కట్టించిన చర్చి అదే. 1220లో కొత్త చర్చి కిందికి మారాక పాతదాన్ని వదిలేశారు.

కొరగాని ప్రయాణం

హెన్రీ ఒక్కగానొక్క సక్రమ కొడుకు 1120లో ఓడ మునిగి చనిపోయాడు. కూతురు మటిల్డానే వారసురాలని రాజు ప్రభువులందరితో ఒట్టు వేయించాడు. రోజర్ కూడా వేశాడు. 1135లో హెన్రీ పోగానే మేనల్లుడు స్టీఫెన్ పరుగున వచ్చి కిరీటం పెట్టుకుంటే, ఖజానా తాళాలతో సహా రోజర్ అటు వెళ్ళాడు. తమను అడగకుండా మటిల్డాని విదేశీయుడికిచ్చి పెళ్ళి చెయ్యకూడదనే షరతు మీదే ఒట్టు వేశామని, రాజు ఆ షరతు తప్పాడని రోజర్ చెప్పుకునేవాడు. ఆ మాట తానే విన్నానంటూ మామ్స్‌బరీ విలియం రాశాడు, కానీ పూర్తిగా నమ్మినట్టు కనిపించడు.

స్టీఫెన్ మొదట అడిగిందల్లా ఇచ్చాడు. తర్వాత మటిల్డా సైన్యంతో రాబోతోందన్న వార్తలు వచ్చాయి. బిషప్పుల కోటలు ఆమె కోసమే సిద్ధమవుతున్నాయని మెలాన్ ప్రభువు వాలెరాన్ వర్గం రాజు చెవిలో ఊదింది. 1139 జూన్‌లో ఆక్స్‌ఫర్డ్ సభకి పిలుపు వచ్చింది. ఎందుకో మనసొప్పడం లేదని, యుద్ధంలో గుర్రప్పిల్ల ఎంత పనికొస్తుందో సభలో తానూ అంతేనని రోజర్ బయల్దేరుతూ అన్నాడట.

ఆక్స్‌ఫర్డ్‌లో బస దగ్గర బిషప్పుల మనుషులకీ బ్రిటనీ ప్రభువు అలన్ మనుషులకీ గొడవైంది. ఒక యోధుడు చనిపోయాడు. రాజసభ శాంతిని భంగం చేశారు కాబట్టి కోటల తాళాలు ఇవ్వమన్నాడు రాజు. వాళ్ళు తటపటాయించగానే రోజర్‌నీ అలెగ్జాండర్‌నీ పట్టుకున్నారు. నీల్ తప్పించుకుని డివైజెస్ కోటలో దూరాడు. స్టీఫెన్ రోజర్‌ని ఆ కోట ముందుకు ఈడ్చుకెళ్ళి పశువుల కొట్టంలో పెట్టాడు. కోట అప్పగించకపోతే రోజర్ కొడుకుని ఉరి తీస్తామని మెడకు తాడు వేసి చూపించారు. ముఖ్య బురుజులో ఉన్న తల్లి, రామ్స్‌బరీ మటిల్డా, కొడుకు కోసం లొంగిపోయింది. రోజర్‌ని రాజే పస్తులుంచాడని కొందరు రాశారు. కాదు, నీల్ మనసు మార్చడానికి రోజరే తిండి మానేశాడని మరొక కథనం.

అరెస్టయింది బిషప్పా, ఉద్యోగా?

పోప్ ప్రతినిధిగా ఉన్న వించెస్టర్ బిషప్ హెన్రీ, రాజుకి సొంత తమ్ముడు. అయినా ఆగస్టు 29న సభ పిలిచి అన్ననే సంజాయిషీ అడిగాడు.

చర్చి వాదన సూటిగా ఉంది. బిషప్ తప్పు చేస్తే విచారించాల్సింది చర్చి న్యాయస్థానం. తీర్పు లేకుండా ఆస్తి లాక్కోకూడదు. ముందు కోటలు తిరిగిచ్చి తర్వాత విచారణ పెట్టండి.

రాజు తరఫున ఆబ్రీ డి వీర్ లేచాడు. అరెస్టు చేసింది బిషప్‌ని కాదు, రాజు ఉద్యోగిని అన్నాడు. ఈ వాదన గాల్లోంచి పుట్టలేదు. 1082లో మొదటి విలియం రాజు తన తమ్ముడు, బాయూ బిషప్ ఓడోని కెంట్ ప్రభువు హోదాలోనే బంధిస్తున్నానన్నాడు. 1088లో డరమ్ బిషప్ విచారణలోనూ, తీర్పు చెప్పేది నీ భూమి గురించి, నీ బిషప్ పదవి గురించి కాదని చెప్పారు. 1107 రాజీలోని ఇద్దరు మనుషుల సూత్రం కూడా రాజుకే పనికొచ్చింది.

రోజర్ ఏమన్నాడో చూడండి. తానెప్పుడూ స్టీఫెన్ నౌకర్ని కాదని, జీతం తీసుకోలేదని గద్దించాడు. 30 ఏళ్ళకు పైగా రెండు పదవుల లాభం అనుభవించినవాడు ఒకదాన్ని పూర్తిగా కాదనక తప్పని స్థితి అది.

బాకుని తిప్పిగుచ్చింది చర్చి మనిషే. బిషప్పులు కోటలు ఉంచుకోవచ్చని చర్చి చట్టంలో చూపిస్తే వాళ్ళకే ఇచ్చెయ్యండన్నాడు రువాన్ ఆర్చ్‌బిషప్ హ్యూ. ఒకవేళ ఉంచుకోవచ్చన్నా, దేశం ప్రమాదంలో ఉన్నప్పుడు అందరు ప్రభువుల్లా తాళాలు రాజుకివ్వాల్సిందేనన్నాడు. సభ ఏమీ తేల్చకుండానే ముగిసింది. రాజుని చర్చి నుంచి బహిష్కరించే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. చివరికి పోప్ ప్రతినిధి, కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ ఇద్దరూ రాజు గదికి వెళ్ళి కాళ్ళ మీద పడి బతిమాలారు. చట్టం పరంగా చూస్తే రాజు వాదనే గట్టిదనిపిస్తుంది. పద్ధతి పరంగా, అతిథిగా సభకి పిలిచి పట్టుకోవడాన్ని సమర్థించడం కష్టం.

స్టీఫెన్ కొనితెచ్చుకున్నదేమిటి?

సెప్టెంబర్ 30న మటిల్డా అరండెల్‌లో దిగింది. డిసెంబర్‌లో రోజర్ మనోవ్యాధితో, జ్వరంతో పోయాడు. చర్చి పూర్తి చెయ్యడానికి అతను బలిపీఠం మీద పెట్టిన సొమ్ము కూడా మిగల్లేదు.

ఈ అరెస్టుతో పాలనా యంత్రాంగం కూలిందని, చర్చి రాజుకి దూరమైందని, అంతర్యుద్ధానికి అదే నాంది అని పాత చరిత్రకారులు గట్టిగా రాశారు. ఇటీవలి వాళ్ళు అంత దూరం వెళ్ళరు. చాలామంది బిషప్పులు ఆ తర్వాతా స్టీఫెన్‌తోనే ఉన్నారు. కోటలు, వాటిలోని నిధి చేతికొచ్చాయి. రోజర్ మనుషులు పోయినా గుమాస్తాలు పోలేదు. అయితే 1150ల మధ్యలో మళ్ళీ ఖాతాలు కనిపించేసరికి, 1130తో పోలిస్తే ఆదాయం బాగా పడిపోయి ఉంది. అందులో యుద్ధం వల్ల ఎంత, అనుభవజ్ఞుల కుటుంబాన్ని తరిమేయడం వల్ల ఎంత అన్నది విడదీయడం కుదరదు. 1154లో రాజైన రెండో హెన్రీ మాత్రం తడుముకోలేదు. ఎక్స్‌చెకర్‌ని తిరిగి నిలబెట్టమని డివైజెస్‌లో దూరిన ఆ నీల్‌నే పిలిపించాడు. తర్వాత ఖజానా నీల్ కొడుకు రిచర్డ్ ఫిట్జ్‌నీల్ చేతికొచ్చింది. అతనూ 1189లో లండన్ బిషప్పయ్యాడు.

అదే రెండో హెన్రీ 1162లో తన చాన్సలర్ థామస్ బెకెట్‌ని కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్పుని చేశాడు. రెండు పదవులూ ఒకరి చేతిలో ఉంటే పనులు సాఫీగా సాగుతాయనుకున్నాడు. బెకెట్ చాన్సలర్ పదవి వదిలేశాడు. 1164లో నార్తాంప్టన్ సభలో రాజు అతన్ని చాన్సలర్‌గా చేసిన ఖర్చులకు లెక్క చెప్పమన్నాడు. ఆర్చ్‌బిషప్ అయినప్పుడే ఆ లెక్కల నుంచి విడుదలయ్యానని బెకెట్ జవాబు. ఆ తగువు చివరికి బెకెట్ హత్యతో ముగిసింది. అయినా రాజులు ఆ అలవాటు మానలేదు. ఇంగ్లండ్ ఖజానా చూసిన చివరి బిషప్ లండన్‌కి చెందిన విలియం జక్సన్. అతను ఆ పదవి దిగిపోయింది 1641లో.